మా నాలుగేళ్ళవాణ్ణి వీధంతా "అన్నయ్యా" అంటోంది, జపాన్‌లో ఇది మామూలేనా?

తెనాలి_టు_టోక్యో
మేం ఉండేది టోక్యోలో, ఎడొగావా వార్డు, నిషికసాయి దగ్గర. మూడు నెలల కిందట పాప పుట్టింది. ఆ రోజు నుంచి మా పెద్దవాడికి ఈ దేశంలో పేరు లేకుండా పోయింది. పిల్లల డాక్టరు దగ్గర నర్సు వాణ్ణి "ఒనీచన్" అంటుంది. కింద ఫ్లాట్ పెద్దావిడ "ఒనీచన్" అంటుంది. కూరగాయల కొట్టాయన చేతిలో ఓ కమలాపండు పెట్టి మరీ "ఒనీచన్, ఎరాయ్ నే" అని మెచ్చుకుంటాడు. ఒనీచన్ అంటే అన్నయ్య అని నాకూ తెలుసు, కానీ వీడికి నాలుగేళ్ళు, ఆ కొట్టాయనకి డెబ్బై దాటి ఉంటాయి. నిన్న రాత్రి పడుకోబెడుతుంటే వాడే అడిగాడు, "అమ్మా, నేను చెల్లికి కదా అన్నయ్యని, ఆ తాతకి కూడానా?" అని. నా దగ్గర జవాబు లేదు, పడుకోరా అన్నాను.

దీనికి తోడు ఆఫీసులో ఇంకో అవమానం. మా అన్నయ్య ఇండియా నుంచి వస్తున్నాడు, రెండు రోజులు సెలవు కావాలని చెబుతూ "మా ఒనీసన్ వస్తున్నారు" అన్నాను జపనీస్‌లో. పక్క సీటామె మెల్లగా "అని" అంది. ఏమని? ఇంకేదో చెప్పబోతోంది కాబోలని చూస్తూ నిలబడ్డాను. ఆమె ఇంకేమీ చెప్పలేదు. అదే మొత్తం మాటట.

ఎన్3లో_ఇరుక్కున్నవాడు
"అని" అని అన్నారని, ఏమని అన్నారో అని ఆగారని అర్థమైంది. సారీ, ఆపుకోలేకపోయా.

శ్రీలత_సెన్సై
పదేళ్ళుగా హైదరాబాద్‌లో జపనీస్ చెబుతున్నాను, మొదటి నెలలో ప్రతి బ్యాచూ బోల్తా పడే చోటు ఇదే. తోబుట్టువులకి అక్కడ రెండు వరసల మాటలున్నాయి. మన ఇంటివాళ్ళ గురించి పరాయివాళ్ళకి చెప్పేటప్పుడు అన్న "అని", అక్క "అనె", తమ్ముడు "ఒతోతొ", చెల్లి "ఇమోతొ". ఎదుటివాళ్ళ ఇంటివాళ్ళయితే ఒనీసన్, ఒనేసన్, ఒతోతొసన్, ఇమోతొసన్. మన అన్నని మనమే ఎదురుగా పిలిచేటప్పుడు మాత్రం మళ్ళీ ఒనీసన్, ముద్దుగా అయితే ఒనీచన్. అంటే ఇంట్లో ఉన్నంతసేపు గౌరవం, గడప దాటి పరాయివాళ్ళ ముందు నిలబడగానే ఆ గౌరవం తీసి జేబులో పెట్టుకోవాలి. లోపలివాళ్ళు "ఉచి", బయటివాళ్ళు "సొతొ". ఆఫీసులోనూ ఇదే లెక్క. మేనేజర్‌ని రోజంతా పేరు చివర "సన్" తగిలించి పిలుస్తారు, అదే క్లయింట్ ఫోన్ చేస్తే ఆ సన్ తీసేసి ఉత్త పేరు చెప్పాలి.

మనకి ఇది ఎందుకు ఎక్కదంటే మనం సరిగ్గా ఉల్టా. పరాయివాళ్ళ ముందైతే ఇంకో రెండు గార్లు ఎక్కువ పెట్టి "మా అన్నయ్యగారు వస్తున్నారండీ" అంటాం.

ఇంకో సంగతి, తమ్ముణ్ణి "ఒతోతొ" అని ఎవరూ కేకెయ్యరు. చిన్నవాళ్ళని పేరు పెట్టే పిలుస్తారు. వరస పెట్టి పిలిపించుకునే హక్కు పెద్దవాళ్ళదే.

వరంగల్_వాసు
మా దిక్కు తమ్మీ అనకుంటే రోజు గడవదు. చాయ్ కొట్టు పిల్లగాడి నుంచి బ్యాంకు మేనేజర్ దాకా వయసు తక్కువైతే తమ్మీయే. జపాన్ తమ్ముళ్ళకి అంత అదృష్టం లేదన్నమాట.

@శ్రీలత_సెన్సై అన్నా, ఒతోతొలో ఏది లాగాలి, మొదటిదా, రెండోదా?

శ్రీలత_సెన్సై
మధ్యలో "తో" ఒక్కటే దీర్ఘం. అటూ ఇటూ ఉన్నవి హ్రస్వాలు. ఇమోతొలో "మో". ఇంకా, నేను అన్నని కాను, అక్కని. చర్చ జరుగుతున్నదే దాని గురించి, పైన పేరు కూడా కనిపిస్తోంది.

వరంగల్_వాసు
సారీ అక్కా. అలవాటు.

నెల్లూరు_బ్రో
దీర్ఘాల విషయంలో తెలుగువాళ్ళు అదృష్టవంతులు. మా టీమ్‌లో అమెరికా వాడొకడు ఒబసన్ (అత్త, పిన్నిలాంటివాళ్ళు), ఒబాసన్ (అమ్మమ్మ, నాయనమ్మ) రెండూ ఒకేలా పలికి, నలభై అయిదేళ్ళ క్యాంటీన్ ఆవిడని ముసలమ్మని చేశాడు. మర్నాటి నుంచి వాడి ప్లేటులో కూర తగ్గిందని మా అనుమానం. అసలు ఆ వయసు ఆవిడని ఒబసన్ అన్నా మొహం మాడుతుంది. ఒనేసన్ అనడమే క్షేమం.

కోనసీమ_పద్మ
అందరూ మాటలు నేర్చుకుంటున్నారు, బాగానే ఉంది. ఆ పిల్లాడికి జవాబు ఎవరు చెబుతారు?

పాత_నోట్‌బుక్
నేను చెబుతాను, కాస్త పొడుగవుతుంది. సుజుకి తకావో అని జపాన్ భాషా శాస్త్రవేత్త దీన్ని 1970ల్లోనే విడమరిచి రాశారు. జపాన్ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు ఎవరో చూస్తారు. వాళ్ళ చోట నిలబడి మిగతా అందరికీ వరస కడతారు. మీ పాప పుట్టేదాకా ఇంట్లో చిన్నవాడు మీవాడే, అందుకని వాడికి పేరుండేది. పాప వచ్చింది, చిన్న స్థానం పాపది, పేరూ పాపదే. వాడు ఒనీచన్ అయ్యాడు. అక్కడి తల్లి తన కన్నకొడుకుని కూడా "ఒనీచన్, స్నానానికి రా" అని పిలుస్తుంది. మొగుణ్ణి "ఒతోసన్" అంటుంది, అంటే నాన్న. సొంత తల్లిని "ఒబాచన్" అంటుంది, అంటే అమ్మమ్మ. తనని తాను "నేను" అనుకోకుండా "అమ్మ చేస్తుంది, ఆగు" అంటుంది. రేపు మీకు మూడోది పుడితే పాప కూడా పేరు వదులుకుని ఒనేచన్ అయిపోవాలి.

నర్సు, కొట్టాయన చేసేదీ అదే. పాప కళ్ళతో వాణ్ణి చూస్తున్నారు. పక్కన పాప లేకపోయినా ఒక్కోసారి అలాగే పిలుస్తారు, ఓ ఊహాపాపని పెట్టుకుని. ఇంకా విచిత్రం వినండి. పేరు తెలియని మగపిల్లాడు ఎదురైతే పెద్దవాళ్ళు "బొకు, ఇకుత్సు?" అని అడుగుతారు. ఇకుత్సు అంటే ఎన్నేళ్ళు. బొకు అంటే మగపిల్లలు తమని తాము అనుకునే "నేను".

నెల్లూరు_బ్రో
"నేనూ, నీకెన్నేళ్ళు?" ఇది వేదాంతం క్లాసులో అడగాల్సిన ప్రశ్న.

కోనసీమ_పద్మ
@పాత_నోట్‌బుక్ ఇందులో కొత్తేముందండీ. మనమూ అంతేగా. "అన్నయ్యకి ఇవ్వమ్మా", "మీ నాన్న ఎక్కడున్నాడో చూడు" అనమూ?

పాత_నోట్‌బుక్
అది చిన్నదానితో మాట్లాడుతూ పెద్దవాడి గురించి చెప్పడం. మీ పెద్దబ్బాయిని మీరెప్పుడైనా ఎదురుగా "అన్నయ్యా, స్నానానికి రా" అని పిలిచారా?

కోనసీమ_పద్మ
లేదు. "నాన్నా, స్నానానికి రా" అంటాను.

నెల్లూరు_బ్రో
కన్నకొడుకుని నాన్నా అంటాం, కూతుర్ని అమ్మా అంటాం, మళ్ళీ జపాన్‌వాళ్ళని నిలదీస్తున్నాం పిల్లాణ్ణి అన్నయ్యా అంటారేంటని.

పెద్దకొడుకు_1988
నవ్వుకోండి. ఆ పిల్లాడి బాధ నాకు తెలుసు. అక్కడ "ఒనీచన్ దకరా" అని ఓ మాటుంది, "అన్నయ్యవి కదా, అందుకని" అని అర్థం, దాని వెనకాల ఎప్పుడూ ఓర్చుకో అనేదే వస్తుంది. బొమ్మ ఇచ్చెయ్, ఓర్చుకో. కిటికీ సీటు వదిలెయ్, ఓర్చుకో. నాతో పనిచేసే జపాన్ అతను ఇద్దరు తమ్ముళ్ళకి అన్న, ఓ రోజు తాగి ఉన్నప్పుడు చెప్పాడు, చిన్నప్పుడు తన పేరు ఇంట్లో వినపడిందంటే తిట్లు పడబోతున్నాయని అర్థమట, మామూలప్పుడు ఒనీచనే. నేను మాది కూడా అదే కథ అన్నాను. మా ఇంట్లో రసాలు కోస్తే బుగ్గలు తమ్ముడికి, టెంక నాకు. "పెద్దోడివి కదరా" అని. ఇప్పుడు వాడికి ముప్ఫై నాలుగు. మొన్న వేసవిలో ఊరెళ్తే మా అమ్మ మళ్ళీ టెంకే నా ప్లేటులో వేసింది.

రెండోది_రాధ
పెద్దవాళ్ళ ఏడుపు మొదలైంది. మా అక్క యూనిఫారం, మా అక్క సైకిలు, మా అక్క పుస్తకాల మీద మా అక్క గీసిన బొమ్మలు. పేరు మిగలడం తప్ప చిన్నవాళ్ళకి ఒరిగిందేంటి? ఆ పాత బట్టలకి కూడా జపనీస్‌లో "ఒసగరి" అని ఓ మాటుంది, పైనుంచి కిందికి దిగినవి.

తెనాలి_టు_టోక్యో
@పాత_నోట్‌బుక్ ఇవాళ పొద్దున వాడికి చెప్పాను, "చెల్లి వైపు నుంచి చూసి అలా పిలుస్తున్నారు నాన్నా" అని. ఆలోచించి "మరి చెల్లి నిద్రపోతుంటే?" అన్నాడు.

ఎన్3లో_ఇరుక్కున్నవాడు
వీడు జపనీస్ పరీక్షలో అన్నిటికన్నా పైదైన ఎన్1 కొట్టేస్తాడు.

నాకో డౌటు. "నన్నిన్ క్యోదై?" అంటే ఎంతమంది తోబుట్టువులు అనే కదా. ఇంటర్వ్యూలో అడిగితే ఇద్దరు అన్నాను, నాకో అక్క, ఓ తమ్ముడు కాబట్టి. తర్వాత ఎప్పుడో ఫొటో చూపిస్తే మీరు ముగ్గురా, ఇద్దరన్నారే అని అడిగారు.

శ్రీలత_సెన్సై
"సన్నిన్ క్యోదై" అంటే నాతో కలిపి ముగ్గురం. ఆ లెక్కలో మనల్ని మనం కలుపుకోవాలి. "మేం ముగ్గురం అన్నదమ్ములం" లాంటిది, "నాకు ముగ్గురు అన్నదమ్ములు" లాంటిది కాదు. క్యోదై రాసే రెండు అక్షరాలు విడదీస్తే అన్న, తమ్ముడు. అచ్చం మన "అన్నదమ్ములు". కానీ అక్కచెల్లెళ్ళు ఉన్నా ఆ మాటే సరిపోతుంది, ఆడపిల్లలే అయితే "షిమై" అని వేరే ఉంది.

రెండోది_రాధ
ఇద్దరు అన్నదమ్ముల అక్షరాల్లో అక్కచెల్లెళ్ళు సర్దుకోవాలి. అక్కడా అంతే.

చిత్తూరు_మురళి
ఇంతసేపు ఎవరూ అనలేదేంటి? అని అంటే అన్న! అనె కూడా దగ్గర్లోనే ఉంది. తమిళంలో అణ్ణన్. ఓనో సుసుము అనే పెద్ద పండితుడు జపనీస్‌కీ తమిళానికీ చుట్టరికం ఉందని పుస్తకాలే రాశాడు. మనవాళ్ళే వెళ్ళి ఉంటారు.

పాత_నోట్‌బుక్
ఓనో పాత జపనీస్‌లో పెద్ద పండితుడే, కాదనను. కానీ ఆ తమిళ చుట్టరికాన్ని భాషా శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. రెండు మాటలు వినడానికి దగ్గరగా ఉంటే చుట్టాలైపోవు. జపనీస్‌లో "అన్నా" అని నిజంగానే ఓ మాట ఉంది, దానర్థం "అలాంటి".

పాత మాటలు అసలు వేరేగా ఉండేవి. ఎనిమిదో శతాబ్దపు మన్యోషూ పద్యాల్లో మగవాడికి తోబుట్టువైన ఆడది "ఇమొ", ఆడదానికి తోబుట్టువైన మగవాడు "సె". పెద్దా చిన్నా తేడా ఆడ ఆడ మధ్య, మగ మగ మధ్యే ముఖ్యం, పెద్దయితే "ఎ", చిన్నయితే "ఒతొ". ఆ ఒతొకి మనిషి అనే "హితొ" కలిసి ఒతోతొ అయింది, ఇమొకి కలిసి ఇమోతొ అయింది. అందుకే వెయ్యేళ్ళ కిందట అక్క తన చెల్లిని కూడా ఒతోతొ అనగలిగేది. మరో విశేషం, ఆ పద్యాల్లో ఇమొ అంటే తోబుట్టువు మాత్రమే కాదు, ప్రియురాలు, భార్య కూడా. సె అంటే ప్రియుడు, భర్త.

చిత్తూరు_మురళి
చుట్టరికం లేదంటే ఒప్పుకుంటా గానీ ఆ చివరి ముక్క చదివి కాసేపు లేచి తిరిగొచ్చా.

ఒసాకా_ఉమ
ఎందుకు తిరగడం, మనకి బావ లేడా? మా ఆయన నాకు మేనత్త కొడుకు. ఒసాకా ఆఫీసులో మొదటి వారంలోనే పెళ్ళెలా జరిగిందని అడిగితే, మా ఆయన నా "ఇతొకొ" (కజిన్) అన్నాను. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. అలాగని అక్కడ అది తప్పు కాదు, వాళ్ళ సివిల్ కోడ్ 734వ అధికరణం రక్తసంబంధంలో మూడో మెట్టు దాకానే అడ్డుకుంటుంది, ఇతొకొలు నాలుగోది కాబట్టి చట్టప్రకారం చేసుకోవచ్చు. ఇప్పుడెవరూ పెద్దగా చేసుకోరు, అంతే.

అసలు తంటా ఎక్కడొచ్చిందంటే, పెదనాన్న కొడుకు కూడా ఇతొకోయే, మేనత్త కొడుకు కూడా ఇతొకోయే. ఒకడు మనకి అన్న, ఇంకొకడు బావ, ఈ రెండూ ఒక్క మాటలో ఎలా కలుస్తాయని నేను, అవి రెండూ వేరెలా అవుతాయని వాళ్ళు. బోర్డు మీద బొమ్మేసి మరీ చెప్పాను. చివర్లో ఒకాయన "అంటే నాన్నగారి చెల్లెలైతే పర్వాలేదు, అమ్మగారి చెల్లెలైతే కూడదు" అని నోట్ చేసుకున్నాడు, ఎందుకో తెలీదు.

ఇంకో తమాషా, ఆ ఇతొకొ రాయాలంటే నాలుగు రకాలు. నాకన్నా పెద్ద మగవాడా, పెద్ద ఆడదా, చిన్న మగవాడా, చిన్న ఆడదా అన్నదాన్ని బట్టి అక్షరం మారుతుంది. చదివేది మాత్రం అన్నిటినీ ఇతొకొ అనే. "ఒజి" కూడా అంతే, అమ్మానాన్నల అన్నకి ఓ అక్షరం, తమ్ముడికి ఇంకోటి, పలికితే ఒకటే. పెదనాన్న, బాబాయి, మేనమామ అందరూ నోట్లో ఒకటైపోతారు.

కోనసీమ_పద్మ
మరి వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు?

ఒసాకా_ఉమ
ముందు "గిరి నొ" అని తగిలిస్తే అయిపోయింది. గిరి నొ అనె అంటే వదిన కావచ్చు, పెద్దాడపడుచు కావచ్చు, పెళ్ళాం అక్క కావచ్చు. ఎదురుగా పిలిచేటప్పుడు ఆ గిరి కూడా ఉండదు, ఒనేసన్ అనే. రాతలో ఓ అక్షరం ఎక్కువ పెడతారు, నోట్లో అది వినపడదు. మా తోడికోడలు ఈ సంగతి విని "ఎంత హాయి" అంది, ఎందుకు హాయో చెప్పలేదు.

వరంగల్_వాసు
అనికి అంటే కూడా అన్నే కదా? రౌడీ సినిమాల్లో వినపడుతుంది.

ఎన్3లో_ఇరుక్కున్నవాడు
అవును, యాకుజాల్లో పైవాడు అనికి, కిందివాడు షతేయి. కానీ మామూలు ఇళ్ళల్లో కూడా కాస్త పెద్దయిన మగపిల్లలు ఒనీచన్ అనడానికి సిగ్గుపడి అనికి అంటారు. ఇంటర్నెట్‌లో ముందున్న అ కూడా ఎగిరిపోయి "నికి" అయింది, ఆడవాళ్ళకి "నెకి". అంటే ఈ థ్రెడ్ జపాన్‌లో ఉంటే అక్కడ వాసు నికి, ఇక్కడ శ్రీలత నెకి.

శ్రీలత_సెన్సై
వద్దు.

పనుల్లో కూడా ఈ వరసలు గట్టిగా ఉంటాయి. సుమో శిక్షణాలయంలో ముందు చేరినవాడు "అనిదెషి", అన్న శిష్యుడు. వయసులో చిన్నవాడైనా సరే. హాస్య నటుల్లోనూ అంతే, ముందు రంగంలోకి వచ్చినవాణ్ణి "నీసన్" అనాలి, వాడు నీకన్నా అయిదేళ్ళు చిన్నైనా. క్యోటోలో మైకోలు, అంటే గెయిషా విద్య నేర్చుకునే చిన్న అమ్మాయిలు, తమ కన్నా ముందు చేరినవాళ్ళని అక్క అంటారు, ఆ ఇల్లు నడిపే ఆవిడని అమ్మ అంటారు.

నెల్లూరు_బ్రో
ఎన్టీఆర్‌ని ఆయన కన్నా పెద్దవాళ్ళు కూడా అన్నగారూ అనేవాళ్ళు కదా. మనకి ఇదేం కొత్త.

కవలల్లో_ఒకణ్ణి
అందరూ అన్నా తమ్ముడా అంటున్నారు, మా సంగతేంటి? మా నాయనమ్మ చనిపోయేదాకా వాదించింది, తర్వాత పుట్టినవాడే పెద్దవాడు, లోపల ముందు చేరాడు కాబట్టి చివర బయటికొచ్చాడు అని. బస్సు లెక్క.

పాత_నోట్‌బుక్
మీ నాయనమ్మ ఒంటరి కాదు. జపాన్‌లో కూడా చాలాచోట్ల అలాగే అనుకునేవాళ్ళు. అది వారసత్వం గొడవ అయిపోయి చివరికి 1874లో ప్రభుత్వం ముందు పుట్టినవాళ్ళే పెద్ద అని తేల్చింది. పెద్దకొడుకు అంటే అప్పట్లో ఉత్త పిలుపు కాదు మరి, 1898 నాటి సివిల్ కోడ్ ప్రకారం ఇల్లంతా దాదాపు అతనిదే, 1947లో గానీ అది పోలేదు. కుటుంబ రిజిస్టర్‌లో ఇప్పటికీ పెద్ద కొడుకు, రెండో కొడుకు అని వరస రాస్తారు. పేర్లలో కూడా ఇచిరో ఒకటోవాడు, జిరో రెండోవాడు, సబురో మూడోవాడు. అయితే బేస్‌బాల్ ఆటగాడు ఇచిరో సుజుకి ఆ ఇంట్లో రెండోవాడు, పేరు చూసి మోసపోవద్దు.

పెద్దకొడుకు_1988
ఇల్లంతా అతనిదేనట. ఇక్కడ టెంక.

రెండోది_రాధ
"క్యోదై వ తనిన్ నొ హజిమరి" అని వాళ్ళకో సామెత. అన్నదమ్ముల దగ్గరే పరాయితనం మొదలవుతుందని. మన దగ్గర దాయాదులు అని ఒక్క మాటతో తేల్చేశారు. మా నాన్న, మా పెదనాన్న పన్నెండు సెంట్ల స్థలం గురించి తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు, కానీ ఆ తొమ్మిదేళ్ళూ మా నాన్న ఇంట్లో ఆయన్ని తిట్టిన ప్రతిసారీ "మా అన్నయ్య" అనే తిట్టాడు. పేరెత్తలేదు.

కోనసీమ_పద్మ
@రెండోది_రాధ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా?

రెండోది_రాధ
స్థలం అమ్మేశారు. ఇప్పుడు రోజూ ఫోన్లే.

తెనాలి_టు_టోక్యో
అప్‌డేట్. మా అన్నయ్య వచ్చి వెళ్ళాడు, ఆఫీసులో ఈసారి "అని" అని సరిగ్గానే చెప్పాను. పిల్లాడి సంగతి మాత్రం అడ్డం తిరిగింది. మొదట్లో గునిసినవాడు ఇప్పుడు ఒనీచన్ అనకపోతే పలకడం లేదు. కొట్టాయన కమలాపండు ఇస్తే చెల్లి వాటా కూడా అడిగి తీసుకుని తనే తింటున్నాడు, దానికి పళ్ళు రాలేదు కదా అంటాడు. నిన్న మా అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్ చేసి "ఏం నాన్నా, అన్నం తిన్నావా?" అంది. వీడు చాలా సీరియస్‌గా, "అమ్మమ్మా, నాన్న ఆఫీసుకెళ్ళాడు. నేను ఒనీచన్‌ని" అన్నాడు.

వరంగల్_వాసు
అమ్మమ్మ ఏమన్నది మరి?

తెనాలి_టు_టోక్యో
"అదేం టిఫినే, రోజూ అదే పెడుతున్నావా పిల్లాడికి?" అని నన్ను అడిగింది.